ఫలితం: అయింది

ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, గిన్నెలు తోముతూ మీటింగ్ వినడం నా ప్రత్యేక నైపుణ్యం. ఇంజినీరింగ్‌లో నేర్పలేదు, పెళ్లయ్యాక వచ్చింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ల్యాబులు తలా ఒక తీరుగా రాసే పరీక్షల పేర్లకు ఒకే పేరు, ఒకే కోడ్ ఇవ్వడం నా ఉద్యోగం. అప్పుడే ఒక కంప్యూటర్ చెప్పింది ఇంకో కంప్యూటర్‌కు అర్థమవుతుంది, ఏ ఊళ్లో ఎంతమందికి ఏ జబ్బుందో ఆరోగ్యశాఖకు తెలుస్తుంది. "ఇంట్ల కూసొని చేసేదానికి గంత పరేషాన్ ఎందుకు" అంటాడు నా భర్త శంకర్. పప్పులో ఉప్పెక్కువైన రోజు మాత్రం "ఉద్యోగం జేస్తుంది గద" అంటాడు.

మా ఇంట్లో నేను కాక ఇంకొకామె ఉంటుంది. యమున, శంకర్ మొదటి భార్య. చచ్చిపోలేదు. విడాకులై పాన్‌గల్‌లో పుట్టింటివాళ్ల మిరప చేను చూసుకుంటోంది. అయినా నేను వంటింట్లోకి వెళ్తుంటే ముందు ఆమె వెళ్లిన చప్పుడు. పోపు డబ్బా ఇప్పటికీ ఆమె పెట్టిన చోటే ఉంది. "గామెకు ఒంట్ల దోషం, పిల్లలు కాలే, పంపిచ్చినం" అని అత్తమ్మ జంగమ్మ నాకు మొదటి వారంలోనే చెప్పింది. రెండేళ్లయ్యాక అదే గొంతుతో, "నీ ఒంట్ల గూడ దోషముందంటుండ్రు" అంది. ఆ రోజు నుంచి అద్దంలో నా పక్కన ఆమె కూడా జడ వేసుకుంటోంది.

నిన్న కొత్తకోటలోని ఒక ల్యాబు పంపిన పట్టిక తెరిచాను. పరీక్ష పేరు: కోడలు పరీక్ష. ఫలితం: అయింది. కిందికి జరిపిన కొద్దీ అదే. అలాంటి ఫలితానికి ఎక్కడా కోడ్ లేదు. ఆ ల్యాబులో నేనూ రెండుసార్లు రక్తం ఇచ్చాను, పక్కన అత్తమ్మ కాపలాతో. టెక్నీషియన్ తిరుపతయ్యకు ఫోన్ చేశాను. థైరాయిడ్, షుగరు, ఇంకో రెండు హార్మోన్లు కలిపి ఆ పేరు పెట్టుకున్నారట. పిల్లలు కాని కోడళ్లను అత్తలే తీసుకొస్తారు, ఫలితం వాళ్లకే నోటితో చెప్తారు, కంప్యూటర్‌లో అయిందని ఎక్కిస్తారు. అసలు అంకెలు మిషన్‌లోనే ఉంటాయన్నాడు. మరి కొడుకుల పరీక్షను ఏమని రాస్తారని అడిగాను. నవ్వాడు.

"మగోళ్లు రారు గద మేడం."

నావి చూడమన్నాను. వనపర్తి జంగమ్మ కోడలినని చెప్పాను.

"ఏ కోడలు? మొదటామెనా, రెండో ఆమెనా?"

"రెండో ఆమె."

కీబోర్డు చప్పుడు. "ఇద్దరియీ నార్మలే ఉన్నయి మేడం. మీ అత్తకు అప్పుడే చెప్పిన. కొడుకును తోల్కరమ్మని గూడ చెప్పిన."

ఫోన్ పెట్టేశాక కాసేపు నా ఒంట్లో లేని దోషం కోసం వెతుక్కున్నాను. ముక్కుపుడక తీసేశాక కూడా వేలు అక్కడికే పోతుందే, అలా. గురువారం మళ్లీ పరీక్షకు పోవాలని, ఈసారి కర్నూలుకని అత్తమ్మ వంటింట్లోంచి చెప్పింది. శంకర్ టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా, అమ్మ చెప్పినట్టు చేస్తే పోయేదేముందన్నాడు. యమున కూడా ఈ గడప దగ్గరే నిలబడి ఈ మాటే విని ఉంటుంది. నేను రానని చెప్పాను. మీ కొడుకును తీసుకుపొమ్మన్నాను. టీవీ సౌండు పెరిగింది.

ఆడబిడ్డను అడిగి నంబరు తీసుకుని, మేడ మీదికెళ్లి యమునకు ఫోన్ చేశాను. నేనెవరో చెప్పాను.

"అక్కా, నీ ఒంట్ల ఏ దోషం లేదు. నా ఒంట్ల గూడ లేదు. ల్యాబుల చెప్పిన్రు."

అవతల చేనులో మోటారు నీళ్లు పోస్తున్న చప్పుడు. ఏడుస్తుందేమో, ఓదార్చాలేమో అని మాటలు కూడదీసుకుంటున్నాను.

"మరి నువ్వింక ఆ ఇంట్లనే ఉన్నవా, చెల్లే?" అంది యమున.