ముక్కుతో ఊపిరి

నేను ఒక సన్నాయిని. గోడకు తగిలించిన కర్రముక్క అనుకుంటే ఒళ్లు మండుతుంది, ముందే చెబుతున్నా. నరసరావుపేట వడ్రంగి ఒకాయన చేవగల నల్లకర్రను తొలిచి, రంధ్రాలు పెట్టి, రెల్లు పీక బిగించి నన్ను తయారుచేశాడు. కొన్నది పేరయ్య. ఆయన పోయాక కూతురు నాంచారమ్మ చేతికొచ్చాను.

తండ్రి పనితనమంతా ఆమె వేళ్లలో ఉంది. ఉండి ఏం లాభం? ముక్కు ఎప్పుడూ పట్టేసి ఉండేది. పందిట్లో బంతిపూల దగ్గర కూర్చుంటే చాలు, ఇక నోటితోనే ఊపిరి. మిగతావాళ్లకి చెల్లుతుందేమో గానీ, సన్నాయి ఊదేవాళ్లకి చెల్లదండీ! నోట్లో నేనుంటాను కదా. బుగ్గల్లోని గాలి నాలోకి వదులుతూనే ముక్కుతో కొత్త గాలి పీల్చాలి, అప్పుడే పాట తెగదు. ఆమేమో నన్ను తీసి, గబుక్కున గాలి మింగి, మళ్లీ పెట్టుకునేది. నాకు తలకొట్టేసినట్టుండేది.

అసలు తాళి కట్టే వేళ గట్టిమేళం ఎందుకు? ఎవరైనా తుమ్మితే వినబడకూడదని. ఒక పెళ్లిలో సరిగ్గా మూడుముళ్ల వేళ సన్నాయి ఆగిపోయింది. తుమ్మింది నాంచారమ్మే! పెళ్లికొడుకు మేనత్త పెట్టిన శాపనార్థాలు ఇన్నీ అన్నీ కావు.

మా మేళంలో డోలు వాయించే నాంచారమ్మ మేనమామ కోటిలింగం మందులషాపులో ఏదో జలుబు మాత్ర కొనిచ్చాడు. తుమ్ములైతే ఆగాయి గానీ, తర్వాతి పెళ్లిలో నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నచోటే నిద్రపోయింది.

"ఇక నావల్ల కాదే. వచ్చే పెళ్లిలో ఊదలేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటా. సన్నాయి అతనికిచ్చెయ్" అన్నాడు.

"ఇవ్వను మావయ్యా. ముక్కు నాది, దాని సంగతి నేనే తేల్చుకుంటా."

ఆ మాటకి నా ప్రాణం లేచొచ్చింది.

మర్నాడే ముక్కు డాక్టరమ్మ దగ్గరికెళ్లింది. "ఇది జలుబు కాదమ్మా, ఎలర్జీ. నువ్వు వేసుకున్నది మత్తొచ్చే పాత రకం మాత్ర. ఇది వేసుకో, మత్తు తక్కువ. ఈ స్ప్రే రోజూ ముక్కులో కొట్టుకో. ఒక్కరోజులో తగ్గదు, మానెయ్యకు" అంది ఆవిడ.

మానుతుందా మా మొండిఘటం! పొద్దున్నే స్ప్రే, ఆ వెంటనే నేను. మొదట్లో పాట తెగుతూనే ఉండేది. తెగితే తెగిందని మళ్లీ మొదటినుంచీ ఊదేది. విసుగొచ్చినా, ఆమె పట్టుదల చూస్తే ముచ్చటేసేది.

పెళ్లి రోజొచ్చింది. నమ్మకం చాలక కోటిలింగం ఇంకో సన్నాయి ఆయన్ని పక్కనే కూర్చోబెట్టాడు. "గట్టిమేళం!" అని పురోహితుడు చెయ్యెత్తాడు. నాంచారమ్మ ఊదింది. ఊదుతూనే ముక్కుతో పీల్చింది. మళ్లీ పీల్చింది. పాట ఒక్కచోట కూడా తెగలేదు. పక్కనాయన పీక నోటిదాకా తేనే లేదు.

అక్షింతలు పడ్డాయి. జనం భోజనాలకి లేచారు. డోలు కూడా ఆగింది.

"ఆపవే తల్లీ, పెళ్లయిపోయింది!" కోటిలింగం కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

నాంచారమ్మ వినిపించుకోలేదు. నన్ను పెదాల మీంచి తియ్యకుండానే, ముక్కు నిండా గాలి పీల్చుకుని ఇంకో కీర్తన అందుకుంది.