ఎత్తకూడని నెంబర్లు

తమ్ముడు రాసిచ్చిన సాఫ్ట్‌వేర్ మళ్లీ మొరాయించేసరికి పెద్దక్కకు తిక్క రేగింది. మొగుళ్ల దెబ్బలకు తాళలేక పారిపోయి వచ్చిన ఆడవాళ్లు తలదాచుకునే ఇల్లు ఆవిడ నడుపుతోంది. గేటుకు బోర్డు లేదు, ఇరుగుపొరుగుకు సంగతి తెలియదు. ఎవరు ఏ గదిలో ఉన్నారో, ఎవరికి ఏ మందు వెయ్యాలో చూపించేది ఆ సాఫ్ట్‌వేరే. అది పడకేస్తే లేపగలిగినవాడు తమ్ముడొక్కడే, వాడేమో ఫోనెత్తడు. "నీ ఒక్కడి బుర్రను నమ్ముకుని ఇల్లు నడపలేనురా" అని మెసేజ్ పెట్టి, చాలా సంస్థలు వాడే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ కంపెనీకి కబురు చేసింది.

కబురందడమే తడవు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టి నేర్పే ట్రైనర్ దిగాడు. మాట తేనె, చెయ్యి చురుకు. పాత వివరాలన్నీ తీసుకుని పేరుకు పేరు, ఫోనుకు ఫోను జత చేశాడు.

"కొత్తదాంట్లోకి ఎక్కించమంటారా మేడమ్?"

"కానివ్వండి."

కాసేపటికి స్క్రీను మురిపెంగా ఆవిడ వైపు తిప్పాడు. "చూశారా! అందరికీ స్వాగతం మెసేజ్ కూడా అదే పంపేస్తోంది. మీ అడ్రసు, దారి చూపే మ్యాపుతో సహా."

పెద్దక్క కుర్చీలోంచి లేచింది. పాత వివరాల్లో ఫోన్ నెంబరు గడిలో ఉండేవి ఆడవాళ్ల నెంబర్లు కావు, వాళ్ల మొగుళ్లవి. ఆ నెంబరు నుంచి ఫోనొస్తే ఎవరూ ఎత్తకూడదని రాసిపెట్టుకునేవారు. ఆ అలవాటు చేసింది పెద్దక్కే. అందరికీ తెలిసిందే కదా అని గడికి పేరు మార్చలేదు. ఈ ట్రైనర్‌కు చెప్పాలని కోపంలో తోచనూ లేదు.

"ఆపండి! ముందది ఆపండి!"

"వెళ్లినవి వెనక్కి రావు మేడమ్. మిగతావి ఆపాలంటే హెడ్డాఫీసుకు కంప్లయింట్ పెట్టాలి. రేపటికల్లా..."

"రేపటికల్లా మావాళ్లు బతికుండొద్దూ!"

అప్పుడొచ్చింది తమ్ముడి నుంచి ఫోను. జరిగింది విని వాడు అన్నాడు:

"నా దాంట్లో ఆ నెంబర్లకు మెసేజ్ వెళ్లే దారే పెట్టలేదక్కా."

"పొద్దున నువ్వు ఫోనెత్తుంటే వీళ్లను పిలిచేదాన్నే కాదురా!" అని అరిచింది. అరిచి లాభమేముంది? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. "సరే, పోలీసులకు చెప్పు. వ్యాను పట్టుకుని రా. ఇల్లు ఖాళీ చేసేస్తున్నాం."

ఇంతలో బల్ల మీది ఫోను మోగింది. దాని మీద కనిపించిన నెంబరు నిన్న చంటిపిల్లతో వచ్చిన కుట్టుపని అమ్మాయి భర్తది. ఎవరూ ఎత్తలేదు. మోగి మోగి ఆగింది. పెద్దక్క పరుగున మేడెక్కింది.

ఆ అమ్మాయి పిల్లకు తల దువ్వుతోంది.

"సంచీ సర్దుకో అమ్మా. వెంటనే వెళ్లిపోవాలి."

"ఆయన ఇక్కడికి రాలేడన్నారు కదక్కా?"

అబద్ధం చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గు ఆపింది.

"దారి నేనే చూపించాను తల్లీ. పొరపాటున మీ ఆయనకు అడ్రసు పంపేశాను."

ఆ అమ్మాయి ఏడవలేదు, తిట్టలేదు. బట్టలన్నీ సంచీలో కుక్కింది. సాయంగా ఉంటుందని పెద్దక్క పిల్ల కోసం చేతులు చాచింది.

ఆ అమ్మాయి పిల్లను ఇవ్వలేదు.