పులుపు అడిగిన మణెమ్మ

నేను ఒక చింత బరికెను. బొటనవేలంత లావుంటాను. వంచితే వంగుతాను, వదిలితే మళ్ళీ నిటారుగా లేస్తాను. విరగడం మా వంశంలో లేదు. చింత చచ్చినా పులుపు చావదని మీరే అన్నారు కదా, అందుకే నా మాట కాస్త పుల్లగా ఉంటుంది. ఓర్చుకోండి.

మా పుట్టుక ఆఫ్రికా నేల అని చదువుకున్నవాళ్ళు అంటారు. అరబ్బు వర్తకులు మమ్మల్ని హిందూ దేశపు ఖర్జూరం అనుకున్నారట. మీరేమో మీ తాతలు నాటిన ఆస్తి అనుకుంటారు. అనుకోండి, మాకేం పోయింది. చిగురు పప్పులో వేసుకుంటారు, పండు చారులో పిసుకుతారు, గింజలు అరగదీసి పచ్చీసు ఆడతారు, ఆ గింజల గంజితోనే గొంగళ్ళు బిరుసెక్కిస్తారు. కాలు బెణికితే ఆకు ఉడికించి కట్టు కడతారు. వేడి చేస్తే పండు నానేసిన నీళ్ళలో బెల్లం కలుపుకుని తాగుతారు. పొద్దున కడుపు కదలకపోయినా ఆ నీళ్ళే దిక్కు. ఇంత తిని, తాగి, చివరికి మా చెట్టు మీద దయ్యం ఉందంటారు. మిట్టమధ్యాహ్నం మా నీడన పడుకున్నవాళ్ళను పట్టుకుంటుందట. ఆ కొమ్మ మీదే పుట్టి పెరిగిన నాకు ఒక్క దయ్యమూ కనిపించలేదు. కిందికి చూస్తే మాత్రం మనుషులు కనిపించేవారు.

నన్ను మొదట కోసినవాడు బడిపంతులు. తోలు తీసి, వేడి బూడిదలో పెట్టి, నూనె రాసి పెంచాడు. ఆయనకు పదమూడో ఎక్కం సరిగ్గా రాదు. ఆ కోపమంతా పిల్లల అరచేతుల మీద నా చేత తీర్చుకునేవాడు. ఆయనకు బదిలీ అయినప్పుడు మంత్రగాడు బాలకిష్టయ్య వచ్చి నన్ను అడిగి తీసుకున్నాడు. దయ్యాలకు చింత బరికె అంటే హడలని అతడి శాస్త్రం. అదెలాగో నాకు తెలియదు, దయ్యాలకూ తెలిసి ఉండదు.

ఆ ఊళ్ళో లింగవ్వ కోడలు మణెమ్మ. కాపురానికి వచ్చి ఎనిమిదేళ్ళయినా ఆమె కడుపు పండలేదు. లింగవ్వ ఆమెకు గొడ్రాలని పేరు పెట్టింది, ఊరు ఒప్పుకుంది. పెట్టిన పేరు మార్చడం ఆ ఊరికి అలవాటు లేదు. ఆ ఏడు చెట్టున కాయ ముదిరే రోజుల్లో మణెమ్మకు అన్నం సయించలేదు. పొద్దున లేస్తే వాంతులు. మధ్యాహ్నం చెట్టు కిందికి వెళ్ళి పచ్చి చింతకాయ ఉప్పద్దుకుని తినేది. తిని అక్కడే కునుకు తీసేది.

ఇంకో ఇంటి కోడలు ఇదే పని చేస్తే ఊరు ముసిముసిగా నవ్వేది. లింగవ్వే ఒడి నిండా కాయలు తీసుకెళ్ళి ఇచ్చి వచ్చేది. కానీ గొడ్రాలికి వేవిళ్ళేమిటి? కాబట్టి పులుపు అడుగుతున్నది దయ్యమే. మనుషుల తెలివికి నేను దండం పెట్టింది అప్పుడే.

ఆదివారం ఎర్రటి ఎండలో మణెమ్మను చెట్టు దగ్గరికి తెచ్చారు. మొగుడు కొమురయ్య ఆమె రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు. బాలకిష్టయ్య నన్ను ఎత్తాడు. మణెమ్మ అతడి వైపు చూడలేదు, అత్త వైపు చూసింది.

"అత్తమ్మా, నాకు దయ్యం లేదు. నెల తప్పింది. మూడో నెల నడుస్తుంది. కొట్టనియ్యకు, నీ కాళ్ళు మొక్కుత."

జనం ఇంకాస్త దగ్గరికి జరిగారు. బాలకిష్టయ్య తడుముకోలేదు. "ఇన్నరా? దయ్యమే గట్ల పలికిస్తుంది. ఆశ పెట్టి లోపల్నే కూసోవాలని దాని ఎత్తు."

లింగవ్వ ముఖంలో ఏదో మెదిలింది, నేను చూశాను. ఎనిమిదేళ్ళుగా ఆమె ఇంటింటికీ తిరిగి చెప్పిన మాట ఒకటుంది. కోడలి మాట నిజమైతే అది అబద్ధమవుతుంది. నలుగురిలో తలదించుకోవాలి. ఆమె కొంగు సర్దుకుంది.

"కొట్టు," అంది.

వీపు మీద పడ్డాను, పిక్కల మీద పడ్డాను, ఆమె పొట్టను కాపాడుకోవాలని ముడుచుకుంటే నడుము మీద పడ్డాను. నేను కట్టెను, నాకు జాలి ఎక్కడిది. జాలి పడవలసినవాళ్ళు చుట్టూ నిలబడి చేతులు జోడించారు. వాళ్ళను చూసి నాకు అసహ్యం వేసింది. చివరికి బాలకిష్టయ్య ఆమె నడినెత్తి జుట్టు పాయ తీసి, మేకుతో చెట్టుకు కొట్టి, కత్తెరతో తెగ్గోశాడు. దయ్యం ఆ వెంట్రుకలతో చెట్టులోనే ఉండిపోతుందట.

మర్నాడు మణెమ్మ నెత్తుటిలో పడి ఉంటే మంత్రసాని సాయవ్వను పిలిచారు. ఆమె చూసి, చేతులు కడుక్కుని, లింగవ్వను పక్కకు పిలిచింది.

"గిది కడుపే లింగవ్వా. పిల్ల నిజమే చెప్పింది."

లింగవ్వ వెళ్ళి తలుపు వేసి వచ్చింది. ఇంటి గుట్టు ఊరికెందుకని, సాయవ్వ చేత ఆమె కొడుకు తల మీద ఒట్టు వేయించుకుంది. ఆ ఊరి కాన్పుల మీదే సాయవ్వ బతకాలి, ఆమె నోరు మూసుకుంది. పిండాన్ని పెరట్లో పాతిపెట్టారు.

వారం తిరిగాక బాలకిష్టయ్య పరీక్షకు వచ్చాడు. వాంతులు ఆగాయా అన్నాడు, ఆగాయన్నారు. అందరి ముందూ మణెమ్మ ఒళ్ళో నాలుగు చింతకాయలు పెట్టాడు. ఆమె ముఖం తిప్పుకుంది.

"సూసిండ్రా, పులుపు అడుగుతలేదు. దయ్యం పోయింది."

జనం దండం పెట్టారు. అందరితో పాటు, అంతా తెలిసిన లింగవ్వ కూడా పెట్టింది. బాలకిష్టయ్యకు కోడిపుంజు ముట్టింది. దయ్యం తిరిగి రాకుండా నన్ను లింగవ్వ ఇంటి ద్వారబంధానికి కట్టారు.

ఇప్పుడు నేనున్నది అక్కడే. మణెమ్మ నీళ్ళ బిందెతో నా కింది నుంచే పోతుంది, తల ఎత్తదు. నిన్న ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అరుగు మీద చేరి, పిల్లలు కాని కోడల్ని ఇంకా ఎందుకు ఉంచుకున్నావని లింగవ్వను అడిగారు. మణెమ్మ గడప లోపలే కూర్చుని బియ్యం ఏరుతోంది.

"పిల్లలు గాకుంటే గాకపాయె," అంది లింగవ్వ నిట్టూర్చి. "దాని పానమన్న దక్కింది, గంతే సాలు."

ఇలాంటి అత్త దొరకడం మణెమ్మ అదృష్టమని వాళ్ళంతా అన్నారు.