మత్తు డాక్టరు పాటల కేసెట్టు

మత్తుమందు డాక్టరు జ్ఞానశేఖర్‌ని పేషెంట్లెవరూ గుర్తుపెట్టుకునేవారు కాదు. ఆపరేషన్ బల్ల మీద ఆయన ముఖం చూసేది నిమిషంసేపు. మెలకువ వచ్చేసరికి ఆయన ఇంకొకరిని నిద్రపుచ్చుతూ ఉండేవాడు. పూలదండలూ, పళ్ళబుట్టలూ, జాలరిపేట నుంచి వచ్చే వంజరం చేపలూ అన్నీ సర్జన్ శ్రీరామ్మూర్తి ఇంటికే వెళ్ళేవి. అందుకు జ్ఞానశేఖర్ బాధపడలేదు. ఆ ఒక్క నిమిషంలో మనుషులు బెదిరిపోయి వణికిపోతుంటే మాత్రం చూడలేకపోయేవాడు. అందుకని వాళ్ళ చెవి దగ్గర వంగి జోలపాట అందుకున్నాడు.

"ఒకటి రెండు లెక్కపెట్టు, మూడు సంగతి నాకు వదులు,
నిద్దర లేచి నాలుగు నుంచి నీవే అందుకో, జోజో!"

చిన్నప్పటి నుంచి చర్చిలో పాడిన గొంతు ఆయనది. ఏ పాట పాడినా ముఖం ఆదివారం ముఖంలాగే ఉండేది. చూస్తుండగానే మంగళహారతి బాణీలో రక్తపరీక్ష, అప్పగింతల పాట బాణీలో చక్కెరజబ్బు, పడవ లాగే పాట బాణీలో ఆపరేషన్ పాటలుగా తయారయ్యాయి. ఎనభైమూడులో, పూర్ణా మార్కెట్ దగ్గర మైకుసెట్లు అద్దెకిచ్చే వీర్రాజు చెవిన ఈ సంగతి పడింది.

"కేసెట్టు ఏసేద్దాం డాక్టరుగారూ," అన్నాడు వీర్రాజు. "జనం మధ్యన పాడాల. జనం నవ్వుతుండాల. అప్పుడే మజా."

మొదట డాక్టర్ల సంఘం వార్షికోత్సవంలో పాడించి రికార్డు చేశారు. హాలు నిండా డాక్టర్లే. ఒక్కరూ నవ్వలేదు. గుండె డాక్టరు ఆ పాట తన మీదే కట్టారనుకున్నాడు, పళ్ళ డాక్టరు ఈ పాట తన మీదే కట్టారనుకున్నాడు. పాట పాటకీ మధ్య కుర్చీల కిర్రులూ దగ్గులూ తప్ప ఇంకేం వినపడలేదు.

మర్నాడు టేపు వినిపించి వీర్రాజు నిట్టూర్చాడు. "ఇందులో దగ్గులు తప్ప ఏటీ నేవండీ. దగ్గులు ఎవుడు కొంటాడు?"

"డాక్టర్లని కాదు, పేషెంట్లని కూచోబెడదాం," అన్నాడు జ్ఞానశేఖర్.

ఆసుపత్రిలో సర్జికల్ వార్డు ముందు పెద్ద వరండా ఉంది. అక్కడ పాడడానికి శ్రీరామ్మూర్తి అనుమతి కావాలి. ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఆసుపత్రిలో లేరు. ఆయన రౌండ్సుకి వస్తున్నాడంటే పేషెంట్లు మూలుగు కూడా ఆపేసేవారు.

"కడుపు కోయించుకున్నవాళ్ళని నవ్విస్తావా? కుట్లు తెగితే ఎవరయ్యా జవాబుదారీ?" అన్నాడాయన.

"తలా ఒక తలగడ ఇస్తాం సార్. నవ్వొస్తే కడుపుకి అదుముకుంటారు."

తానూ అక్కడే కూచుంటానన్న షరతు మీద శ్రీరామ్మూర్తి ఒప్పుకున్నాడు. తను ఉంటే ఎవరికీ నవ్వు రాదన్న నమ్మకం కాబోలు.

ఆ సాయంత్రం వరండాలో పేషెంట్లు తలగడలు ఒళ్ళో పెట్టుకుని, ఫొటోకి కూచున్నట్టు కూచున్నారు. శ్రీరామ్మూర్తి వైపు దొంగచూపులు చూస్తూ రెండు పాటలు బిగబట్టుకున్నారు. మూడోది పడవపాట.

"లోపలున్నది రాయో రప్పో, హైలెస్సా!
ఎక్స్‌రే చూస్తే మబ్బే మబ్బు, హైలెస్సా!
కోసి చూస్తే తెలిసేనన్నరు, హైలెస్సా!
కోసినోడికీ తెలియకపాయె, హైలెస్సా!"

జాలరిపేటలో చేపలమ్ముకునే అసిరమ్మ బొడ్డు దగ్గర హెర్నియా కోయించుకుని వారం తిరగలేదు. పడవ లాగడం ఆమె పుట్టినప్పటి నుంచి చూస్తున్న పనే. తలగడ పక్కకి పడేసి "హైలెస్సా!" అని గట్టిగా వంత పాడింది. ఆ వెంటనే నోరు మూసుకుని కడుపు పట్టుకుంది.

శ్రీరామ్మూర్తి లేచి వచ్చాడు. చీర మీద నెత్తురు మరక. "నవ్వొద్దన్నానా?" అని అరిచాడు.

"నాను నవ్వనేదు బాబూ," అంది అసిరమ్మ. "కుట్టే నవ్వింది."

ఆమెను పక్కనే ఉన్న డ్రెస్సింగు గదిలోకి తీసుకెళ్ళారు. పైపైన రెండు కుట్లు ఊడాయంతే, లోపల అంతా భద్రంగా ఉంది. అక్కడికక్కడే తిమ్మిరి ఇంజక్షన్ ఇచ్చి కుట్టేస్తే సరిపోతుంది. అసిరమ్మ మాత్రం జ్ఞానశేఖర్ చొక్కా పట్టుకుని వదల్లేదు.

"పాట సగంలో ఆపేత్తే పడవ నీట్లోకెల్లదు బాబూ. మిగతాది పాడు. అప్పుడే కుట్టించుకుంతాను."

జ్ఞానశేఖర్ సర్జన్ వంక చూశాడు. "కానియ్యి," అన్నాడు శ్రీరామ్మూర్తి, సూదిలో దారం ఎక్కిస్తూ. జ్ఞానశేఖర్ అదే ఆదివారం ముఖంతో అందుకున్నాడు.

"కత్తెరేదని సర్జనడిగె, హైలెస్సా!
కళ్ళజోడేదని తిరిగీ అడిగె, హైలెస్సా!
వెతికి వెతికి కడుపు మూసిరి, హైలెస్సా!
రెండూ దొరికెను మరుసటేడు, హైలెస్సా!"

కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, అది ఏదని అందరినీ కేకలేయడం శ్రీరామ్మూర్తికి రోజూ ఉన్నదే. ఆ సమయంలోనూ అది నుదుటి మీదే ఉంది. ఆయన సూది ట్రేలో పెట్టాడు. ముందు సన్నగా ఈల వచ్చింది. తర్వాత ఎక్కిళ్ళు. ఆపైన పోర్టులో టగ్గు పడవ కూసినట్టు పెద్ద నవ్వు. ఆ నవ్వు ఆగాకే కుట్లు పడ్డాయి.

గది కిటికీ తెరిచే ఉంది. వరండాలో వీర్రాజు మైకు ఆపలేదు.

కేసెట్టు బయటికొచ్చింది. వరండాలో అందరూ తలగడలు అదుముకుని నవ్వు బిగబట్టడంతో వీర్రాజు ఆ ఒక్క నవ్వునే ప్రతి పాట చివరా అతికించాడు. కొన్ని పాటలకి మధ్యలో కూడా. గాజువాక బస్సుల్లో, టీ బడ్డీల్లో, ఆటోనగర్ షెడ్లలో శ్రీరామ్మూర్తి నవ్వు మోగిపోయింది.

శ్రీరామ్మూర్తి జ్ఞానశేఖర్‌తో మాట మానేశాడు. థియేటర్లో "పడుకున్నాడా?" అంటే "పడుకున్నాడండి" అంతే. జ్ఞానశేఖర్ క్షమాపణ చెప్పబోతే పెద్దాయన చేయి అడ్డం పెట్టి వెళ్ళిపోయేవాడు. జ్ఞానశేఖర్ వీర్రాజుని పిలిచి ఆ నవ్వు తీసేయమన్నాడు. "నవ్వు తీసేత్తే దగ్గులే మిగుల్తాయండీ," అన్నాడు వీర్రాజు.

వానాకాలంలో స్టీలు ప్లాంటు పనుల నుంచి గురునాథరావు అనే ఫోర్‌మన్ అపెండిక్స్ నొప్పితో వచ్చాడు. భారీ మనిషి. బల్ల ఎక్కించేసరికి చిన్నపిల్లాడిలా వణుకుతున్నాడు.

"కేసెట్లో నవ్వే డాక్టరుగారు తమరేనాండీ?" అని శ్రీరామ్మూర్తిని అడిగాడు. థియేటర్లో నర్సులు నేలచూపులు చూశారు.

"నేనే," అన్నాడు శ్రీరామ్మూర్తి.

"ఓసారి నవ్వండి బాబూ. తమరు నవ్వితే నాకు బయ్యం పోద్ది."

శ్రీరామ్మూర్తి ప్రయత్నించాడు. మాస్కు కొంచెం కదిలింది, అంతే. అన్ని రోజుల తర్వాత మొదటిసారి జ్ఞానశేఖర్ వైపు తిరిగాడు.

"ఊరికే నిలబడ్డావేం? పాడవయ్యా."

జ్ఞానశేఖర్ గొంతు సవరించుకుని చక్కెరజబ్బు అప్పగింతల పాట పాడాడు. సర్జన్‌కి నవ్వు రాలేదు గానీ, రెండో చరణానికి గురునాథరావే నవ్వాడు, నొప్పితో కడుపు పట్టుకుని మరీ. వణుకు తగ్గింది. సూది గుచ్చినా చేయి కదపలేదు.

అతను నిద్రలోకి జారుకున్నాక శ్రీరామ్మూర్తి కత్తి అందుకుంటూ అన్నాడు:

"వీర్రాజుతో చెప్పు. రెండో కేసెట్టు వేసేటప్పుడు నాకు ముందుగా కబురు పెట్టమను. ఆ రోజు ఆపరేషన్లు పెట్టుకోను."