గాలి లేనిచోట ఊగిన జమ్ము

మానవజాతి చరిత్రలో ఏ మహానిర్ణయమూ కుర్చీ సర్దుకోకుండా వెలువడలేదు. సింహాసనమైనా, ముక్కాలిపీటైనా, మనిషి ముందు తన పీఠాన్ని స్థిరపరచుకొని, ఆ తర్వాతే లోకాన్ని స్థిరపరచడానికి పూనుకుంటాడు. కనుక కొత్త బడి శంకుస్థాపన సభలో పాఠశాల సంఘం అధ్యక్షురాలు తన ప్లాస్టిక్ కుర్చీని మాటిమాటికీ సర్దుకోవడాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. అది ఎడమకు ఒరుగుతోంది. ఆమె కుర్చీని అనుమానించింది. పక్కనున్న కాంట్రాక్టరు కుర్చీలు అద్దెకిచ్చినవాణ్ని అనుమానించాడు. నేలను అనుమానించినవాడు సభ మొత్తానికి ఒక్కడే: వరుస చివర ముడుచుకు కూర్చున్న మట్టి పరీక్షల ఇంజనీరు, సదరు కాంట్రాక్టరుకు స్వయానా చెల్లెలి మొగుడు.

అనుమానమనడం కూడా మర్యాద కోసమే. ఆయనకు తెలుసు. కిందటి నెల అక్కడ ఇనుప ఊచ దించి చూశాడు. పైన వేళ్లు అల్లుకున్న జానెడు మందం పొర. ఎండకు ఆరి, బుద్ధిమంతురాలైన పచ్చికలా కనిపిస్తుంది. దాని కింద ఊచ ఎవరూ నొక్కకుండానే తన బరువుకు తానే పిడి దాకా దిగిపోయింది. పైకి లాగితే నల్లటి బురద, కుళ్లిన ఆకుల వాసన. ఇది నేల కాదని, నీటి మీద పరిచిన చాప అని ఆరోజే బావగారికి చెప్పాడు. ఊళ్లో కురిసిన వానంతా ఈ చిత్తడే తాగి దాచుకుంటోందని, దీన్ని పూడిస్తే ఆ నీళ్లు మన వీధుల్లోకి వస్తాయని కూడా చెప్పాడు.

"నీళ్లకి కళ్లున్నాయా బావా, మనిల్లు వెతుక్కుంటూ రావడానికి?" అన్నాడు కాంట్రాక్టరు. "పైన నాలుగు లారీల మట్టి కొట్టిస్తే అదే దారికొస్తుంది."

"మరి ఇక్కడ గుడ్లు పెట్టే పక్షులు..."

"వాటి పిల్లల్ని ఒకటో తరగతిలో చేర్చుకుందాంలే."

ఇంజనీరు నవ్వాడు. భయపడటంలో ఆయన పాండిత్యం అపారం. పై అధికారికి భయపడితే చేతులు చల్లబడేవి. భార్యకు భయపడితే ఆకలి చచ్చేది. బావగారికి భయపడితే మాత్రం నవ్వొచ్చేది. అభ్యంతరాలేమైనా ఉన్నాయా అని సంఘంవారు అడిగిననాడూ ఆ నవ్వే వచ్చింది. దాన్ని అంగీకారంగా స్వీకరించి ముందుకు సాగారు.

ఇప్పుడు ఆయనకు నవ్వు రావడంలేదు. మైదానం నడుమ సున్నపు గీతలు గీసి, వాటి మీద నలభైమంది పిల్లల్ని నిలబెట్టారు. ముందు వరుసలో, ఎర్ర రిబ్బన్లతో, ఆయన కూతురు.

డ్రిల్లు మాస్టారు ఈల ఊదాడు. పిల్లలు చేతులు చాచి, పాదాలు మార్చి, చిన్నగా ఒక గెంతు గెంతారు. వాళ్ల వెనుక, పదిగజాల అవతల జమ్ముదుబ్బు తల ఊపింది.

ఆకు కదిలేంత గాలి కూడా లేదు. మళ్లీ గెంతారు. జమ్ము మళ్లీ ఊగింది, సరిగ్గా తాళానికి. అధ్యక్షురాలి ముందున్న గ్లాసులో నీళ్లు వలయాలు తిరిగాయి.

"ఇప్పుడు అందరూ కలిసి, ఎంత ఎత్తు గెంతగలిగితే అంత," అన్నాడు మాస్టారు.

ఇంజనీరు లేచాడు. వెనుక వరుసనుంచి భార్య కొంగు సవరించుకుంటూ, పెదవులు కదపకుండా అంది: "కూర్చోండి. అన్నయ్య చూస్తున్నాడు."

ఆయన కూర్చోలేదు. పరుగెత్తనూలేదు, పరుగెత్తితే ఆ పొరకు తన అడుగుల దెబ్బ కూడా తోడవుతుంది. నిద్రపోతున్న పులి పక్కనుంచి వెళ్లే రాజదూతలా, అరికాళ్లు ఈడుస్తూ వెళ్లి, మాస్టారి నోట్లోంచి ఈల లాగేశాడు.

"గెంతకండి," అన్నాడు. "ఎవరి చెయ్యీ ఎవరూ పట్టుకోకుండా, దూరందూరంగా, మెల్లగా రోడ్డెక్కండి."

"మాది ఇంకా అవలేదు నాన్నా," అంది కూతురు.

ఎత్తుకుని గుండెకు అదుముకోవాలని చేతులు ముందుకు వెళ్లాయి. మధ్యలోనే ఆగాయి. ఇద్దరి బరువు ఒకే చోట పడకూడదు.

"నువ్వే నడవాలమ్మా. నేను ఇక్కడినుంచి చూస్తుంటా."

పిల్ల నడిచింది. అడుగు తీసిన ప్రతిచోటా నీళ్లు ఊరి, పాదం ఆకారంలో మెరిశాయి. మిగతా పిల్లలు అది చూసి కిలకిల నవ్వుతూ ఒక్కొక్కరే కదిలారు. రోడ్డు మీద ఎర్ర రిబ్బన్లు కనిపించేదాకా ఇంజనీరు చూపు తిప్పలేదు.

"ఏంటి బావా ఈ నాటకం?" కాంట్రాక్టరు తాపీగా గీతల దాకా వచ్చాడు. "బండలాంటి నేల. చూడు." అని మడమతో ఒక్కటి తన్నాడు.

నేల ఆయన కాలును తొడదాకా పుచ్చుకుంది.

మాస్టారు, మరో ఇద్దరు బోర్లా పడుకుని, స్వాగతం అని రాసున్న బ్యానరు విసిరి, బావగారిని బయటికి లాగారు. కాలు వచ్చింది, బూటు రాలేదు. అప్పుడు ఇంజనీరు నోరు విప్పాడు. కింద ఉన్న నీటి గురించి, ఒరిగిపోయే గోడల గురించి, వానాకాలంలో మునిగే ఇళ్ల గురించి, వెళ్లిపోయే పక్షుల గురించి, నెలరోజులు నోరు మూసుకున్న తన గురించి, బావగారివైపు చూడకుండా, అన్నీ చెప్పేశాడు. భార్య రోడ్డు మీద కూతురి పాదాలు తుడుస్తూ ఉండిపోయింది.

అధ్యక్షురాలు సమస్తాన్నీ గంభీరంగా ఆలకించింది. కుర్చీ మరోసారి సర్దుకుంది.

"అంటే," అంది చివరికి, "ఇక్కడ కార్లు ఆపుకోవడం కుదరదన్నమాట."

"కుదరదండీ."

"మరి ముందే చెప్పొద్దూ?" అని లేచింది. పార్కింగుకు వీలులేని కారణంగా బడి వేరేచోట కట్టాలని అక్కడికక్కడే తీర్మానమైపోయింది.