తలుపవతలి గోల

కొత్తగా వచ్చిన సైన్సు టీచరుకి ఊరి సంగతులేవీ తెలియవు. తెలిసుంటే ఆ పాఠం అలా చెప్పే సాహసం చేసేది కాదు. పిల్లలకి బంతాట పిచ్చి కదా, స్టేడియం గోలతో ముడిపెట్టి చెబితే ధ్వని పాఠం చెవికెక్కుతుందనుకుంది పాపం. ఆవిడ ఉద్దేశం మంచిదే. మంచి ఉద్దేశాలతోనే కదా సగం కొంపలు మునిగేది!

స్టేడియం అన్న మాట వినగానే క్లాసంతా చివరి బెంచీ వైపు తిరిగింది. అక్కడ అమ్మడు తలొంచుకు కూర్చుంది. ఇంట్లోనే అమ్మడు. బళ్లో మాత్రం అందరికీ 'గేటు'. వాళ్ల నాన్న స్టేడియంలో గేటు కాపలా. పోయినేడు ఫైనల్ ఆట రోజున మెట్ల మీద తొక్కిసలాట జరిగి తొమ్మిది మంది ఊపిరాడక చచ్చిపోయారు. మెట్ల కింద ఇనప గేటుకి తాళం వేసి ఉంది. తాళంచెవి ఆయన జేబులో దొరికింది. "గోల్ పడిందని గోల చేస్తున్నారనుకున్నాను సార్" అన్నాడు విచారణలో. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఊరు నమ్మలేదు. అమ్మడు నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? సూది వేయించడానికి తీసుకెళ్తూ కూడా "నొప్పి పుడుతుందమ్మా" అని ముందే చెప్పే మనిషి ఆయన. అలాంటివాడు అబద్ధమాడతాడా?

ముందు బెంచీలో మైకు కూర్చుంటాడు. పెద్ద గొంతు కాబట్టి ఆ పేరు. ఆ తొమ్మిది మందిలో వాడి అన్న ఒకడు. అప్పట్నుంచి వాడి గొంతు పడిపోయింది గానీ, అమ్మడు పక్కనుంచి పోతే మాత్రం "గోలేనా? గోలేనా?" అని పళ్లు నూరుతాడు.

టీచరు శబ్దం కొలిచే మీటరుని ఫోన్లో తెరిచి బల్ల మీద పెట్టింది. "గోల్ పడింది, అరవండి!" అంది. కప్పు ఎగిరేలా అరిచారు. అంకె పైకి లేచింది. "ఇప్పుడు భయపడి అరవండి!" అంది. అంకె దాదాపు అక్కడే నిలిచింది.

"చూశారా? మీటరుకి ఏడుపైనా సంతోషమైనా ఒకటే. ఎంత గట్టిగా అరిచారో చెబుతుంది. ఎందుకు అరిచారో దానికి అనవసరం."

అమ్మడు చటుక్కున టీచరు వైపు చూసింది. నాన్న చెప్పిందీ అదే కదా! ఎన్నాళ్లకో చెయ్యి పైకెత్తింది.

"టీచర్, మధ్యలో తలుపు ఉంటేనో?"

"ఇంకా మంచిది! ఈల లాంటి సన్నటి శబ్దాల్ని తలుపు ఎక్కువగా ఆపేస్తుంది. డప్పు మోత లాంటి లావువి దాటొస్తాయి. మాట పోల్చుకోవాలంటే ఆ సన్నవే కావాలి. అందుకే పక్కింట్లో మొగుడూ పెళ్లాలు కొట్టుకుంటే మనకి వినిపిస్తుంది గానీ, ఎందుకో అర్థం కాక చచ్చిపోతాం" అంది టీచరు. పిల్లలు పగలబడి నవ్వారు. "పదండి, మనమే చూద్దాం."

ఆటసామాన్ల గదికి ఇనప తలుపు ఉంది. బయట గడియ పెడితే తప్ప గట్టిగా మూసుకోదు. ఒకరు బయట నిలబడాలి. లోపల టీచరు సైగ చేస్తే మిగతావాళ్లు ఒకసారి సంతోషంతో, ఒకసారి భయంతో అరవాలి. ఏది ముందో ఏది వెనకో బయటున్నవాళ్లు చెప్పాలి. మొదటి పిల్ల తప్పు చెప్పింది. రెండోవాడు తెల్లముఖం వేశాడు. మూడోది సరిగ్గానే చెప్పి, "ఊరికే అన్నా టీచర్" అని నాలుక కరుచుకుంది.

అమ్మడికి కాళ్లు నేల మీద ఆనలేదు. తనకీ తెలియకపోతే చాలు. ఇక నాన్నని ఎవడంటాడో చూద్దాం! "నేను, నేను" అంటూ బయటికి ఉరికి, గడియ పెట్టి, తలుపుకి చెవి ఆనించింది.

మొదటి అరుపు వచ్చింది. లేచింది, తగ్గింది, అందరూ ఊపిరి పీల్చుకోవడానికి ఆగారు, మళ్లీ లేచింది.

రెండోదీ అలాగే మొదలైంది. కానీ అందరూ ఆగిన చోట ఒక గొంతు ఆగలేదు. ఊపిరి కోసం కూడా ఆగలేదు. పగిలిపోతూ అలా పోతూనే ఉంది. దాన్ని విని మిగతావాళ్లూ అదిరిపోయినట్టున్నారు, ఎవరికి తోచినట్టు వాళ్లు అరుస్తున్నారు. ఒక్క మాటా అర్థం కాలేదు. అయ్యో, అర్థం కావాల్సిన పనేముంది? ఏం చేస్తోందో తెలిసే లోపలే అమ్మడు చెయ్యి గడియ లాగేసింది.

లోపల వలల కుప్ప పక్కన మైకు కింద పడి "అన్నయ్యా, అన్నయ్యా" అంటున్నాడు. టీచరు కంగారుగా వాణ్ని ఒళ్లోకి తీసుకుంది. వాడు నెమ్మదించేసరికి చాలాసేపు పట్టింది. అప్పుడు క్లాసంతా అమ్మడు వైపు చూసింది.

"తెలిసిందా?" అన్నాడు మైకే, ముక్కు తుడుచుకుంటూ.

"లేదు. రెండూ ఒకటే."

"మరెందుకు తీశావ్?"

"అయిపోయిందనుకున్నా."

"ఒట్టు?"

"ఒట్టు."

వాడు లేచి చొక్కా దుమ్ము దులుపుకున్నాడు. "అయితే మీ నాన్నకీ తెలిసుండదులే" అన్నాడు. ఆ సాయంత్రం వాడు అమ్మడిని గేటు అనలేదు. సందు చివరిదాకా పక్కనే నడిచాడు. వాడు తిట్టినా బాగుండేదనిపించి అమ్మడికి ఏడుపొచ్చింది.

ఇంట్లో నాన్న టీవీ ముందు కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్నాడు. ఏదో ఆట వస్తోంది. అది జరిగినప్పట్నుంచి ఆయన టీవీకి శబ్దం పెట్టడం మానేశాడు.

"ఏంటమ్మా, ముఖం వేలాడేశావు?"

"బళ్లో ధ్వని పాఠం చెప్పారు నాన్నా. అందర్నీ ఇనప తలుపు వెనక పెట్టి సంతోషంతో ఒకసారి, భయంతో ఒకసారి అరిపించారు. నేను బయట నిలబడి విన్నా."

ఆయన చేతులు ఆగిపోయాయి. "విని?"

"తేడా ఏం లేదు. తలుపుంటే ఎవ్వరికీ తెలియదు నాన్నా. టీచరే చెప్పింది."

ఆయన కూతురి ముఖంలోకి చూశాడు. చిన్నప్పట్నుంచీ దానికి అబద్ధం చెప్పడం చేతకాదు.

"ఊపిరి కోసం ఆగదు కదూ, ఆ అరుపు?" అన్నాడు మెల్లగా.

ఊపిరి సంగతి అమ్మడు టీచరుకి చెప్పలేదు, మైకుకి చెప్పలేదు, ఎవ్వరికీ చెప్పలేదు.

"తాళం తీస్తే టికెట్ లేనివాళ్లు తోసుకొస్తారు, తీశావో రేపట్నుంచి రానక్కర్లేదని పై అధికారులవి ఒకటే అరుపులమ్మా. ఇంకాసేపు చూద్దాం అనుకున్నా. తాళంచెవి చేతిలోనే ఉంది." చిక్కుళ్ల పళ్లెం ఒళ్లోంచి జారినా ఆయన పట్టుకోలేదు. "తేడా ఉందని ఎవరికైనా చెప్పావా?"

"నేనేం చెప్పలేదు నాన్నా" అంది అమ్మడు. "నువ్వే చెప్పావు."