మగవాళ్ళు దాటని గడప

రెండో బకెట్టు నీళ్ళు కూడా గుమ్మరించి, ఎస్తేరు చీపురు కట్టను గోడకేసి తట్టి పుల్లలు సరిచేసుకుంది. ఫినాయిలు వాసన ఆమెకు తెలియడం ఎప్పుడో మానేసింది. చీర కొంగులో, జుట్టులో, చివరికి ఇంటికి పోయి పిసుక్కునే సంగటి ముద్దలో కూడా అదే వాసన. ఆదోని బస్టాండులో ఆడవాళ్ళ మరుగుదొడ్లు కడగడం ఆమె పని. చేరి పదేళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో ఆమె పేరేమిటని అడిగిన ప్రయాణికులు చాలా తక్కువ. "ఏమ్మోవ్, నీళ్ళు రావడంలే" అని కేకేసేవాళ్ళే అందరూ.

పొట్టి మనిషి. చేతులు కాయలు కాసి గట్టిపడ్డాయి, వేళ్ళ చివర్లు నీళ్ళలో నానీ నానీ తెల్లగా ముడతలు పడ్డాయి. ఎడమ దవడ కాస్త పక్కకు తిరిగి ఉంటుంది. అందుకని ఆమె మామూలుగా నవ్వినా ఎవరినో వెక్కిరించినట్టే కనిపిస్తుంది. ఆ దవడ మొగుడు ఎర్రిస్వామి చేసిపెట్టింది. గోనెగండ్లలో కూలికి పోయినచోట ఎవరితోనో నవ్వుతూ మాట్లాడిందని పార కట్టెతో కొట్టాడు. పెద్దమనుషుల దగ్గరికి పోతే సర్దుకోమన్నారు. చర్చికి పోతే ప్రార్థన చేసుకోమన్నారు. పుట్టింటికి పోతే కడుపు నిండా అన్నం పెట్టి, తెల్లారగానే బస్సెక్కించారు. ఎస్తేరు సర్దుకుంది, ప్రార్థనా చేసింది, బస్సూ ఎక్కింది. దవడ మాత్రం సర్దుకోలేదు. ఎర్రిస్వామి తాగి తాగి పోయిన రోజు ఆమె కంట తడి పెట్టలేదని ఊరంతా చెవులు కొరుక్కుంది. పెట్టదు మరి! ఉన్న తడంతా అంతకుముందే అయిపోయింది.

ఎంతటి మగాడైనా కాలు పెట్టలేని చోటు ఒకటి ఈ లోకంలో ఉందని ఆమెకు ఈ పనిలో చేరాకే తెలిసింది. పోలీసు కానీ, పెద్దమనిషి కానీ, తాళి కట్టినవాడే కానీ, ఈ గడప బయట నిలబడాల్సిందే. అందుకే ఆడవాళ్ళు ఇక్కడికి వచ్చి ఏడుస్తారు. గడియ పెట్టుకుని, నోట్లో కొంగు కుక్కుకుని, కాసేపటికి మొహం కడుక్కుని ఏమీ ఎరగనట్టు బయటికి పోతారు. మొదట్లో ఎస్తేరు వాళ్ళకు చెంబుతో నీళ్ళందించడం తప్ప ఏమీ చేసేది కాదు. తర్వాత ఎమ్మిగనూరు మహిళా సంఘంలో పనిచేసే మల్లేశ్వరి ఒకసారి బస్సు దిగి ఇక్కడికొచ్చింది, ఆ దవడ చూసింది, బస్సు తప్పిపోయినా లెక్కచెయ్యకుండా కూర్చుని మాట్లాడింది. అప్పటినుంచి ప్రతి తలుపుకూ లోపలి వైపు ఒక చీటీ అంటించి ఉంటుంది. "ఇంట్లో కొడతాండారా? గడప కాడ కూసున్న అక్కకు సెప్పు." మల్లేశ్వరి నేర్పింది కూడా పెద్ద చదువేం కాదు. ఎందుకు పడతాండావని అడగొద్దు. చెయ్యి పట్టుకుని లాగొద్దు. ఏం కావాలో అడుగు, అడిగింది చెయ్యి.

ఆ రోజు మధ్యాహ్నం ఎండకు బస్టాండు రేకులు చిటపటమంటున్నాయి. బళ్ళారి బస్సు కోసం బెంచీల మీద జనం కునికిపాట్లు పడుతున్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకతను చంకలో నాలుగేళ్ళ పాపతో గడప దాకా వచ్చి, భార్యను లోపలికి పంపుతూ, "ఫోను కట్ చేసినావంటే సూడు" అన్నాడు. గొంతు పెంచలేదు. చుట్టుపక్కలవాళ్ళకు అది ముద్దుగా చెప్పినట్టే వినిపించి ఉంటుంది.

ఆమె ఫోను అరచేతిలో పెట్టుకుని లోపలికొచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. ఆ ఎండలో కూడా నిండు చేతుల రవిక, మెడ చుట్టూ కప్పుకున్న కొంగు. ఫోనులోంచి మొగుడి గొంతు వస్తూనే ఉంది. "ఏం సేస్తాండావు? సప్పుడు రానీ."

ఎస్తేరుకు ఒళ్ళు మండిపోయింది. దెబ్బలు ఎన్నో రకాలు చూసింది, ఇది చూడలేదు. ఎర్రిస్వామి ఎంత దుర్మార్గుడైనా ఆమె చెంబు పట్టుకుని చేలోకి పోతే వెంట పడి చెవి ఒగ్గలేదు. వాడికి ఆ తెలివి లేకపోయిందో, ఫోను లేకపోయిందో!

ఆ పిల్ల మరుగుదొడ్డి తలుపు తెరిచి చీటీ ముందు నిలబడిపోయింది. ఒకసారి చదివింది, మళ్ళీ చదివింది. తర్వాత తిరిగి ఎస్తేరు వైపు చూసింది. ఎస్తేరు నోటి మీద వేలు పెట్టుకుని, కుళాయి పూర్తిగా తిప్పింది. ఖాళీ బకెట్టులో నీళ్ళు ధడధడమని పడ్డాయి. ఆ మోతలో ఆమె చెవి దగ్గర నోరు పెట్టి అడిగింది. "ఏం కావాల నీకు?"

ఆ పిల్ల అరచేతిని నడుమంత ఎత్తున చాపి చూపించింది. పాప.

"బళ్ళారికి తీస్కపోతాండాడు" అంది గుసగుసగా. "జీన్స్ కుట్టే పనికి. మాది ఎమ్మిగనూరు, మగ్గాలోళ్ళం. పోయినసారి సావు తప్పి అమ్మ దగ్గరికి వస్తే పెద్దోళ్ళు పంచాయితీ సేసి మళ్ళా పంపుతాండారు. ఆడికి పోతే నేను బతకనక్కా. పాప లేకుండా మాత్రం యాడికీ రాను."

"ఏందా నీళ్ళు?" అంది ఫోను.

"కడుపు బాగలేదు" అని ఆ పిల్ల ఫోనుకు జవాబు చెప్పింది.

ఎస్తేరు చేతులు కొంగుకు తుడుచుకుని బయటికొచ్చింది. అతను సిమెంటు బెంచీ మీద, ఒక చెవికి ఫోను ఆనించుకుని, పాపను ఒళ్ళో బిగించి పట్టుకుని ఉన్నాడు.

"ఏమప్పా, పాపను ఇట్లియ్యి. ఒంటికి పోపిచ్చుకోనొస్తా. బస్సెక్కినాక మద్దెలో నిలపరు."

"దానికేం అవసరం లేదు."

పసిపిల్లల సంగతి తెలిసిందే కదా, మాట వినబడితే చాలు. "నాయనా, ఒంటికి" అంటూ పాప కాళ్ళు ఝాడించింది. అతను మగవాళ్ళ మరుగుదొడ్ల వైపు చూశాడు.

ఎస్తేరు గొంతు పెంచింది. "మొగోళ్ళ దాంట్లోకి తీస్కపోతావా ఆడబిడ్డను? యా ఊరప్పా మీది?"

బెంచీల మీద కునుకుతున్న తలలు లేచాయి. జామకాయల గంప ముందు కూర్చున్న హులిగెమ్మ పకపకా నవ్వింది. "ఇయ్యప్పా, ఇస్త్రీ అంగీ తడుపుతాది!" ఇంకో ఇద్దరు నవ్వారు. ఇలాంటి మగాళ్ళకు నలుగురిలో మర్యాదంటే ప్రాణం. ప్రతాపమంతా నాలుగు గోడల మధ్యే. అతను మొహం గంటు పెట్టుకుని పాపను ఎస్తేరు చేతుల్లో పెట్టాడు.

లోపల తల్లి పాపను ఒంటికి పోయించి ఎత్తుకుంది. ఎస్తేరు మూలకు పోయి బటన్ల ఫోను తీసి మల్లేశ్వరికి చెప్పింది. "తల్లీబిడ్డా కర్నూలు బస్సుకు వస్తాండారు. ఎమ్మిగనూరులో నువ్వూ ఎక్కి, కర్నూల్లో ఆడోళ్ళుండే ఆశ్రయానికి తీస్కపో." వెనక చెత్తబండి కోసం పెట్టిన చిన్న తలుపు ఉంది. దాని గడియ తీసింది. అవతల గోడ పక్కనే కర్నూలు బస్సు ఇంజను ఆడుతోంది.

ఆ పిల్ల కదల్లేదు. చేతిలో ఉన్న ఫోను వైపే చూస్తోంది. కట్ చేస్తే అతనికి తెలుస్తుంది. పట్టుకుపోతే కండక్టరు కేక వినబడుతుంది. ఎస్తేరుకు ఆ ఫోను లాక్కుని బకెట్టులో పారేయాలని చేతులు దురదపెట్టాయి. మల్లేశ్వరి మాట గుర్తొచ్చి ఊరుకుంది.

ఆ పిల్లే ముందుకు నడిచింది. కుళాయి పైన కిటికీ గట్టు మీద ఫోనును గోడకానించి నిలబెట్టింది. దాని మీదికి వంగి, "కడుపులో తిప్పుతాంది. కూసో, వస్తాండా" అంది. పాపను భుజం మీదికి ఎత్తుకుంది.

"నీ పేరేంది?" అడిగింది ఎస్తేరు తలుపు దగ్గర.

"వసంత. నీదక్కా?"

"ఎస్తేరు. పో, జల్దీ!"

వెనక తలుపుకు గడియ పెట్టి ఎస్తేరు వచ్చి గడపలో పీట వేసుకుని, చీపురు అడ్డంగా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అవతల కర్నూలు బస్సు ఇంకా కదల్లేదు.

అతను రానే వచ్చాడు. "ఎంతసేపు? జరుగు."

"ఈడికి మొగోళ్ళు రాకూడదు."

"నా పెండ్లాం లోపలుంది."

"నా గడప ఇది."

ఫోనులో నీళ్ళ మోత అతనికి వినబడుతూనే ఉంది. "ఏమనుకుంటాండావే? నీ పని పీకిస్తా!" అని చెయ్యెత్తాడు.

ఎస్తేరు లేచి నిలబడింది. అతని రొమ్ము దాకా కూడా రాదు. వంకర దవడ పైకెత్తి చూపించింది. "కొట్టప్పా. ఈడ్నే కొట్టు, అందరూ సూడనీ. దెబ్బలు నాకు కొత్తేం గాదు. సర్దుకునేది మాత్రం ఇంక లేదు. పని పీకిస్తావా? పీకిచ్చుకో. సీపురు నాది, నేను కొనుక్కున్నా!"

హులిగెమ్మ గంప వదిలేసి వచ్చి ఆమె పక్కన నిలబడింది. సంచులతో లోపలికి రాబోతున్న ఆడవాళ్ళు ఎవరూ చెప్పకుండానే ఆగి, గడపకు ఇటూ అటూ నిలబడిపోయారు. ఎత్తిన చెయ్యి ఎక్కడ దించుకోవాలో తెలియక అతను జుట్టు సవరించుకున్నాడు. వెనక్కి పోయి బెంచీ మీద కూర్చుని మళ్ళీ ఫోను చెవికి పెట్టుకున్నాడు. గోడ అవతల హారను మోగింది. కర్నూలు బస్సు మెల్లగా మలుపు తిరిగి గేటు దాటిపోయింది. అతను తలెత్తి చూడలేదు. చూసినా అది తన బస్సు కాదు.

తర్వాత బళ్ళారి బస్సు వచ్చింది, జనాన్ని ఎక్కించుకుంది, అతను లేకుండానే పోయింది.

ఎస్తేరు లోపలికొచ్చింది. ఎవరి చేతుల్లోనైనా చుక్క నీళ్ళు వృథాగా పోతే శాపనార్థాలు పెట్టే మనిషి, బకెట్టు నిండి పొర్లుతున్నా కుళాయి కట్టలేదు. వెనక తలుపు గడియ ఇంకోసారి తడిమి చూసుకుంది. ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో ఏమో, కళ్ళనిండా తడి. ఆపుకోవాలని కూడా చూడలేదు.

కిటికీ గట్టు మీద, నీటి తుంపర్లు పడి తడిసిన ఫోను, "హలో... వసంతా... హలో" అంటూ నీళ్ళ మోతలో ఒంటరిగా పిలుస్తూనే ఉంది.